ఎన్నిసార్లు తుడిచినా పోని గుంత

మీరు నేలను కంప్యూటర్ల చూసిండ్రో లేదో నాకు తెల్వదు. నేను చూసిన. గళ్లగళ్లగ, చేపల వలను ఎండకు ఆరేసినట్టు ఉంటది. మౌసుతోని అటు తిప్పితే అటు తిరుగుతది, ఇటు తిప్పితే ఇటు తిరుగుతది. మొదటిసారి చూసిననాడు నాకు కళ్లు తిరిగి కుర్చీ పట్టుకున్న.

నాకు సంతకం వస్తది, బస్సు బోర్డు కూడబలుక్కొని చదువుత. అంతే. అందుకే నేను చెప్పుకుంట పోతున్న, ఇంకొకలు రాస్తున్నరు. ఆఫీసుల్ల కొత్తగ డ్యూటీల జేరిన పిల్లలకు ఒక్క ముచ్చట చెప్పాలని ఉన్నది. పెద్ద ముచ్చటేం గాదు, ఒక గుంత ముచ్చట.

గోదావరిఖనిల బొగ్గు కంపెనీ సివిల్ ఆఫీసుల పనిచేసి రిటైరై దిగిపోయిన నేను. ఛాయ్ తెచ్చుడు, ఫైళ్లు మోసుడు, నక్షలు కొట్టే పెద్ద మిషన్ల కాగితం చుట్ట ఎక్కిచ్చుడు, మనిషి తక్కువ పడ్డనాడు సర్వేకు పోయి స్టాఫ్ పట్టుకునుడు. స్టాఫ్ అంటే అంకెలున్న పొడుగు కట్టె. దాన్ని నేల మీద నిటారుగ నిలబెడితే, దూరంకెళ్లి లెవెల్ మిషన్ల చూసి ఏ జాగ ఎత్తు, ఏ జాగ పల్లం అని చెప్తరు. పట్టుకునేటోళ్లకు చదువు అక్కర్లేదు. చెయ్యి కదలకుంటే చాలు.

ఈ కొలువు నాకు మా ఆయన పోయినంక వచ్చింది. ఆయన బాయిల పనిజేస్తుండె. మా దిక్కు బొగ్గు గనిని బాయి అంటం. ఒకనాడు మొదటి షిఫ్టుకు పోయినాయన మీద బండ పడ్డది. ఆయన జాగల నన్ను తీసుకున్నరు. మొదట్ల బొగ్గు బెల్టు కాడ ఊడ్చే పని. ఆ దుమ్ముకే నా గొంతు గిట్ల గరగర అయింది. ఫోన్ల మాట్లాడితే అవతలోళ్లు "అన్నా" అంటరు.

అప్పుడు మా కొడుకు పాలు తాగే పోరడు. నా అసొంటి ఆడోళ్లు ఇంక కొందరు ఉండిరి, అందరివి చంటి పిల్లలే. పంపు హౌసు అరుగు మీద పాత చీరలు పరిచి పండబెట్టి, నడుమ నడుమ ఉరికొచ్చి చూసుకొని పోయేది. సాయంత్రం పోరని ముక్కు తుడిస్తే గుడ్డకు మసి. మాకు ఒక అర్ర కట్టియ్యిండ్రి, పిల్లలను పండబెట్టుకుంటం అని అప్పట్నుంచి అడుగుతనే ఉన్నం. అడుగంగ అడుగంగ మా పోరళ్లకు మీసాలొచ్చినయి. అయినా అడుగుడు బంద్ చెయ్యలే. ఎందుకంటే మా ఎనుక మళ్ల ఆడపిల్లలు వస్తనే ఉన్నరు. ఇప్పుడైతే వర్క్‌షాపుల పానా పట్టుకునేటోళ్లు ఉన్నరు, డంపర్ నడిపేటోళ్లు ఉన్నరు. వాళ్లకూ చంటి పిల్లలుంటరు గదా.

నేను దిగిపోయేందుకు ఇంక కొంతకాలం ఉన్నదనంగ ఆ పిల్లల ఇల్లు మంజూరయింది. కాగితాల మీద క్రెష్ అని రాస్తరు. మేము పిల్లల ఇల్లనే అన్నం. మూతబడ్డ పాత బాయి ఆఫీసు ఎనుక ఖాళీ జాగ చూపెట్టిండ్రు. వర్క్‌షాపుకు దగ్గర, బస్సు ఆగే కాడికి దగ్గర. ఆ కబురు వచ్చిననాడు నేను ఛాయ్‌ల చక్కెర రెండుసార్లు పోసిన, ఎవ్వలు ఏమనలే.

ఇగ ఆఫీసుల మనుషుల సంగతి. పెద్దాయన ఒకడు ఉండె, సారు అంటం. మంచోడే, గని పైనుంచి ఫోనొస్తే లేచి నిలబడి మాట్లాడే రకం. ఇంకొకాయన డ్రాఫ్ట్స్‌మన్ అన్న. బోర్డు మీద పెన్సిలుతోని గీసే కాలంకెళ్లి ఉన్నోడు, ఎవ్వల్ని నవ్వియ్యక విడువడు. ఇగ కొత్తగ వచ్చిన ఇంజనీరు పిల్ల. పెద్దపల్లి దిక్కు పిల్ల, రోజు బస్సుల వస్తుండె. ఇంక పక్కా కాలే, ప్రొబేషన్ల ఉన్నది. నలుగురిల నేను మేడం అంటుంటి, ఇద్దరమే ఉన్నప్పుడు బిడ్డా అంటుంటి. ఆమె మాత్రం ఎప్పుడైనా పెద్దమ్మా అనే అంటుండె.

ఆ పిల్లల ఇల్లు గీసే పని ఈ పిల్లకు ఇచ్చిండ్రు. ఆమె మొదటి పని అది.

బిల్డింగు గీసే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటది. గోడలు, తలుపులు, మెట్లు అన్నీ మంచిగ గీస్తదట. నేల గీయ రాదట. నేల కోసం ఇంకోటి దానికి తోక లెక్క తగిలిస్తరు. యాడిన్ అంటరు. సర్వేల తెచ్చిన పాయింట్లన్నీ దానికిస్తే అది నేలను తయారు చెయ్యాలె. చెయ్యాలె గని చెయ్యది. ఆ తోక పెట్టిన తిప్పలు ఇన్నన్ని కావు. ఒకనాడు తెరిస్తే నేల నడుమ సూది లెక్క ఒక మొన ఆకాశానికి లేచి ఉంటది. ఇంకోనాడు ఒక మూల చీర కొంగు లెక్క కిందికి జారి ఉంటది. ఒకసారి ఇల్లు కిటికీల దాక మట్టిల కూరుకపోయింది, ఒకసారి రోడ్డు గాలిల వేలాడింది. పొద్దుగాల సాఫ్‌గ చేసి దాచిపెట్టిన నేల, అన్నం తిని వచ్చేసరికి మాయం. ఆ పిల్ల తల పట్టుకొని కూసునేది.

"ఏమైంది మేడం?" అని డ్రాఫ్ట్స్‌మన్ అన్న అడిగేది.

"నేల పోయిందన్నా."

"అయితే పట్వారిని పిలుసుకరాపో. నేలలు మాయం అయితే ఆయన్నే అడగాలె."

యాడిన్ అమ్మినోళ్లకు ఫోన్ చేసేది. వాళ్లు కంప్యూటర్ బంద్ చేసి మళ్ల తెరువుండ్రి అనేది. కొత్త వెర్షన్ వస్తది, అప్పుడంత సుధరాయిస్తది అనేది. కొత్త వెర్షన్ వచ్చింది. పాత గుంతలు పోయినయి, కొత్త గుట్టలు వచ్చినయి. దసరాకు బాయి మీద మిషన్లకు పూజ చేస్తం గదా, ఆ ఏడు డ్రాఫ్ట్స్‌మన్ అన్న ఆ కంప్యూటర్‌కు కుంకుమ బొట్టు పెట్టి, కింద నిమ్మకాయ గూడ కట్టిండు. సారు చూసి కూడ ఏమనలే. ఆయనకూ ఆశ ఉండె కావచ్చు.

చూసుకుంట చూసుకుంట అందరికీ ఒక అలవాటు పడ్డది. తెర మీద గుంత కనబడితే తుడుసుడు. గుట్ట కనబడితే సాపు చేసుడు. అడిగేది లేదు, చూసేది లేదు. ఇల్లంత బూజు పట్టినప్పుడు సాలెపురుగా, మచ్చా అని చూస్తమా, చీపురు పెట్టి గుంజేస్తం. గట్లనే.

ఇగ మరుసటేడు ఆషాఢం పోయి శ్రావణం వచ్చింది. ముగ్గు పోసేటందుకు ముహూర్తం పెట్టిండ్రు. ముగ్గు పోసుడంటే ఇల్లు కట్టే కాడ గోడ ఎక్కడ లేస్తదో నేల మీద సున్నంతోని గీతలు పోసి, కొబ్బరికాయ కొట్టి, తవ్వుడు షురూ చేసుడు. పెద్దాఫీసరు వస్తనన్నడు. కంట్రాక్టరు మనుషులను తెచ్చుకున్నడు. నక్ష మాత్రం ఇంక మిషన్ల నుంచి బయటికి రాలే.

ముగ్గుకు ముందటి రోజు నేను కాగితం చుట్ట ఎక్కిచ్చి నిలబడ్డ. ఇంజనీరు పిల్ల లేస్తలేదు. తెర దిక్కు చూస్తనే ఉన్నది.

"ఏంది బిడ్డా?" అన్న మెల్లగ.

"ఇది చూడు పెద్దమ్మా." వేలు పెట్టి చూపెట్టింది. వల అసొంటి నేల మీద, పిల్లలు పండే అర్ర ఉన్న కాడ, గుంత. పళ్లెంల అన్నం పెట్టుకొని, చారు కోసం బొటనవేలుతోని నడుమ ఒత్తుతం సూడు, గట్ల ఉన్నది.

"తుడిచెయ్ బిడ్డా. సారు అడుగుతాండు."

"ఎన్నోసార్లు తుడిచిన. తుడిచినంక యాడిన్ ఆగిపోతది. మళ్ల తెరిస్తే మొదటిసంది నేల కట్టుకుంటది. మళ్ల గుంత వస్తది."

డ్రాఫ్ట్స్‌మన్ అన్న కుర్చీల నుంచే అన్నడు, "కొత్త ముచ్చటనా మేడం ఇది? నిన్న ఇటుదిక్కు ఉండె, మొన్న గేటు కాడ ఉండె. రేపు నా బల్ల కింద ఉంటది."

"అగో అదే అన్నా. మిగతా గుంతలు ఒక్కోసారి ఒక్కో దగ్గర వస్తయి. ఇది మాత్రం ఎప్పుడు తెరిచినా గీడనే వస్తాంది."

అన్న లేచొచ్చి చూసిండు. పాయింట్లు తీపిచ్చిండు. ఆ కాడ ఒక్కటే పాయింటు కింద ఉన్నది. "ఒక్క పాయింటు మేడం. ఎండాకాలంల సర్వే చేసిండ్రు, కట్టె పట్టినోడు నీడకు ఉరికేటప్పుడు కొట్టినట్టుంది. అది తీసి పారెయ్యి. మనం పోయి చూడలేదా ఆ జాగను? చాప పరిచినట్టు లేదా?"

నిజమే. మేమందరం జీపుల పోయి చూసినం. వయ్యారిభామ గడ్డి పెరిగి అంతా ఒక్క తీరుగ, సాపుగ ఉండె.

సారు వచ్చిండు. విన్నడు. గడియారం చూసుకున్నడు. "అమ్మా, రేపు పెద్దాఫీసరు వస్తడు. ఈ ఒక్క యాడిన్ మాట పట్టుకొని ముగ్గు ఆపితే నేనేం చెప్పాలె? పోయినసారి అది ఆఫీసు గోడకే గుట్ట పెట్టింది. ఇప్పుడు ఆపితే ఈ పని మళ్ల ఎన్నటికి కదులుతదో నాకైతే తెల్వదు. నీ ప్రొబేషన్ గూడ నా చేతుల్నే ఉన్నది, ఆ సంగతి నాతోని అనిపియ్యకు."

బెదిరించినట్టు అనలే. బతిలాడినట్టు అన్నడు. అది ఇంక కష్టం.

నేను ఎవ్వలి దిక్కు మాట్లాడుదును? పిల్లల ఇల్లు అనంగనే నా గుండె నక్ష దిక్కే గుంజుతాంది. ఇన్నేండ్లు అడిగినం. చేతికి వచ్చింది ఒక్క గుంత బొమ్మ కోసం పోతదా? ఆపితే మళ్ల ఎవ్వల కాళ్లు పట్టుకోవాలె? మళ్లొకసారి మెల్లగ అన్న, "తుడిచెయ్ బిడ్డా."

ఆ పిల్ల తుడిచింది. నక్ష కొట్టింది. నేనే చుట్ట తెంపి, మడతపెట్టి, సారు బల్ల మీద పెట్టిన. గని ఆమె సంచి తగిలించుకొని బస్సుకు పోకుంట, నా కాడికి వచ్చి మెల్లగ అడిగింది.

"పెద్దమ్మా, రేపు పొద్దుగాల జర జల్ది వస్తవా? సర్వేయర్ భాయ్‌ని అడిగిన, మిషన్ తెస్తనన్నడు. ముగ్గుకు ముందు ఒక్కసారి ఆడ స్టాఫ్ పెట్టి చూద్దాం. ఏం లేకపోతే ఎవ్వలకు చెప్పద్దు."

"ఏముంటది బిడ్డా ఆడ?"

"ఏమీ లేదని తెలిస్తే నాకు నిద్ర పడతది."

ఆ మాటకు నేను కాదనలేకపోయిన. నిద్ర సంగతి నాకెరుక.

తెల్లారి పోయేసరికి కంట్రాక్టరు మాకంటె ముందే ఉన్నడు. షామియానా ఏసిండు. సున్నం డబ్బాలు, పూలు, కొబ్బరికాయలు, పంతులు అందరు ఉన్నరు. సర్వేయర్ భాయ్ మిషన్ నిలబెడుతాండు. మస్తు పాత మనిషి, ఇంట్ల ఉర్దూ, బయట మా తెలుగు. నేను స్టాఫ్ భుజాన ఏసుకొని గడ్డిలకు దిగబోతే కంట్రాక్టరు ఎదురొచ్చిండు.

"అక్కా, నువ్వా? ఇంకెవ్వలు లేరా?" అన్నడు. నా దిక్కు చూడలే, నా నుదురు దిక్కు చూసిండు. తర్వాత ఇంజనీరు పిల్లకు మెల్లగ చెప్పిండు, "మేడం, మీకు తెల్వదు గావచ్చు. ముగ్గు పోసే జాగల ముందుగాల ఈమె తిరిగితే మంచిగుండది. జర అటు షామియానా ఎనుక నిలబడుమనుండ్రి. కట్టె మా పిల్లగాడు పడతడు."

నాకు కొత్త గాదు. పెండ్లిళ్లల్ల, బారసాలలల్ల ఎవ్వలు చెప్పకముందే ఎనుకకు జరిగి నిలబడుడు నేర్చుకున్న. కట్టె ఆయన చేతికి ఇయ్యబోయిన.

ఆ పిల్ల గొంతు లేపలే. "స్టాఫ్ ఆమెనే పడతది. ఆమె చెయ్యి కదలది. ఇంకా ముగ్గు షురూ కాలే గదా, ఇప్పుడు జరిగేది శుభకార్యం గాదు, డ్యూటీ."

సర్వేయర్ భాయ్ మిషన్ల నుంచి తల ఎత్తకుంటనే, "అక్కా, ఖడేరహో," అన్నడు. నిలబడుమని.

పోయిన. ముందుగాల మూలల కాడ పెట్టిన. భాయ్ చదివిండు, పిల్ల రాసుకున్నది. అన్నీ ఒక్క తీరుగనే వస్తున్నయట. కంట్రాక్టరు పంతులు దిక్కు చూసి నవ్వుతాండు. తర్వాత పిల్ల చెయ్యి ఊపింది, నడుమకు పొమ్మని. గడ్డి నెట్టుకుంట పోయిన. పోతుంటే పోతుంటే గడ్డి నా మోకాళ్లు దాటింది, నడుం కాడికి వచ్చింది. నేను అనుకున్న, ఈడ గడ్డి బాగ పెరిగింది అని. నేను కిందికి దిగుతున్న అని అనుకోలే. దూరంకెళ్లి చూస్తే గడ్డి కొనలన్నీ ఒక్క తీరుగ సాపుగ కనబడుతయి. కింద నేల ఉంటదా, పోతదా, గడ్డికి ఏం పట్టింది? నీళ్లు నిలిచిన కాడ ఇంత ఎక్కువ పెరుగుతది, అంతే.

స్టాఫ్ పెట్టిన. భాయ్ చూసిండు. మళ్ల చూసిండు.

"అక్కా, గుంతల ఎందుకు పెట్టినవ్? నేల మీద పెట్టు."

"నేల మీదనే ఉన్న భాయ్."

"జర పక్కకు జరుగు."

జరిగిన. అడుగు మెత్తగ తగిలింది, దూది పరుపు మీద ఏసినట్టు. కాలు గుంజుకున్న. బాయి మీద బతికినోళ్లకు నేల మెత్తగ తగిలితే ఎట్లుంటదో మీకెట్ల చెప్పాలె. నేను ఒర్రిన. నా గరగర గొంతు ఆనాడు పనికొచ్చింది.

"బిడ్డా, ఎవ్వలు రాకుండ్రి. ఈడికి ఎవ్వలు రాకుండ్రి."

ఎట్ల వచ్చిన్నో అదే అడుగుల మీద మెల్లగ ఎనుకకు వచ్చిన. భాయ్ మిషన్ ఇడిసిపెట్టి ఉరికొచ్చి నా చెయ్యి పట్టి గట్టుకు గుంజిండు. "యా అల్లా, అక్కా," అన్నడు. ఆ పిల్ల నా దిక్కు చూస్తలేదు. గడ్డి దిక్కే చూస్తాంది. చేతుల కాగితం మాత్రం గట్టిగ పట్టుకున్నది.

అప్పుడే జీపులు వచ్చినయి. సారు దిగిండు, ఎనుక బండిల పెద్దాఫీసరు దిగిండు. మెడల దండ ఏసేటందుకు కంట్రాక్టరు ముందుకు పోయిండు. సారు మా ముఖాలు చూసిండు. ఇంజనీరు పిల్ల ఆయన చెవుల ఏదో చెప్పింది. ఇగ నాకు అర్థమైంది, ఇప్పుడు ఈ మనిషి ఏం చేస్తడో దాని మీదనే అంతా ఉన్నది. ఆయన దండ ఏసి, కొబ్బరికాయ కొట్టిచ్చి, పదిమంది పోయినంక మెల్లగ చూసుకుందాం అని అనొచ్చు. అందరు అట్లనే అంటరు.

సారు రుమాలుతోని మెడ తుడుసుకున్నడు. కంట్రాక్టరును పిలిచి, "కొబ్బరికాయలు సంచిల పెట్టు," అన్నడు. తర్వాత పెద్దాఫీసరు ముందట నిలబడి చెప్పిండు. ఎప్పుడు ఫోన్ల వణికే మనిషి ఆనాడు వణకలే. ఆయన మాటలు నాకు అన్నీ ఇనబడలే గని, ఆఖరి మాట ఇనబడ్డది. "నేను ముగ్గు పోయనియ్య సార్."

పెద్దాఫీసరు గడ్డి దిక్కు ఒకసారి, షామియానా దిక్కు ఒకసారి చూసిండు. మాకు ఆ చూపే తిట్టు లెక్క ఉండె. వర్క్‌షాపు ఆడపిల్లలు కొందరు ముగ్గు చూద్దామని వచ్చి గేటు కాడ నిలబడ్డరు, ఒకామె చంకల పిల్ల. అయిపాయె, ఇగ ఈ ఇల్లు కథం అనుకున్న నేను.

"ఎవ్వలు కనిపెట్టిండ్రు?" అన్నడు.

ఇంజనీరు పిల్ల అన్నది, "యాడిన్ చూపెట్టింది సార్. మేమే నమ్మలే."

సారు జీపుల వచ్చిన డ్రాఫ్ట్స్‌మన్ అన్న నా పక్కనే ఉన్నడు. "నిమ్మకాయ మహత్యం," అన్నడు నాకే ఇనబడేటట్టు. ఏడ్వాలెనో నవ్వాలెనో తెల్వక కొంగు అడ్డం పెట్టుకున్న.

పెద్దాఫీసరు మైన్ సర్వే వాళ్లను పిలిపియ్యిండ్రి అన్నడు. అప్పటిదాక చుట్టు తీగ కట్టుండ్రి అన్నడు. జీపు ఎక్కబోయి మళ్ల ఆగి, గేటు కాడ చంకల పిల్లను ఎత్తుకున్నామె దిక్కు చూసి, సారుకు చెప్పిండు: "ఇల్లు ఆగొద్దు. జాగ మార్చుండ్రి."

గా రెండు మాటలు ఇన్న. ఆడనే సున్నం డబ్బా మీద కూసున్న. కంట్రాక్టరు చూసిండు. లెవ్వుమని అనలే.

మైన్ సర్వే వాళ్లు వచ్చి పాత నక్షలు ఏసి చూసిండ్రు. అది గాలి బాయి అట. బాయిల పనిజేసేటోళ్లకు లోపలికి గాలి పోయేటందుకు పైకెళ్లి తవ్విన బావి. బాయి మూసినప్పుడు దాన్ని మట్టి పోసి పూడ్చిండ్రు. పాత నక్షల మీద అది ఉన్నది, గని కంపౌండు అవతల ఉన్నట్టు కనబడుతాంది. పాత నక్ష, కొత్త నక్ష ఒకదాని మీద ఒకటి పెట్టినప్పుడు జర పక్కకు జరిగిందట. పోసిన మట్టి ఏండ్ల సంది లోపల్లోపల దిగుకుంట వస్తాంది.

ఏ బాయిదని అడిగిన నేను. చెప్పిండ్రు. మా ఆయన పనిజేసిన బాయే. ఆయన లోపట పీల్చిన గాలి ఆ తొవ్వనే దిగిందన్నట్టు. ఛాయ్ గ్లాసులు తీసుకొని కడుగ పోయిన.

వినాయక చవితి వానలకు ఆడ నేల కూలింది. తీగ లోపటనే. రెండు షిఫ్టుల నడుమ ఎప్పుడు కూలిందో కూడ ఎవ్వలు చూడలే. పొద్దుగాల వాచ్‌మన్ పోతే, వయ్యారిభామ గడ్డి పోయి, నల్లగ నోరు తెరిచి ఉన్నదట. ఆఫీసుల కబురు చెప్పంగనే అందరు లేచి నిలబడ్డరు. మా అందరి కండ్ల ముందట ఒక్కటే, నక్షల ఆ కాడ గీసి ఉన్న పిల్లల అర్ర. ఊయల కొక్కేలు గూడ గీసి ఉండె అందుల. సారు తన అర్రలకు పోయి తలుపు ఏసుకున్నడు. జరసేపటికి బయటికి వచ్చి, "అందరికీ ఛాయ్ పెట్టియ్యి అమ్మా. నాకు చక్కెర ఎక్కువ," అన్నడు. ఆయనకు షుగరుండె. అయినా పోసిన.

నేను చానసార్లు అనుకుంట. ఆ యాడిన్ మంచిగ పనిజేసేదే అయితే? మొదటిసారి తుడిచినప్పుడే ఆ గుంత పోతుండె. మాటిమాటికి ఆగిపోయి, మాటిమాటికి మొదటిసంది కట్టుకోవట్టే గదా అది మళ్ల మళ్ల కనబడ్డది. ఇంత తిప్పలు పెట్టిన దానికి దండం పెట్టాల్నా, తిట్టాల్నా? డ్రాఫ్ట్స్‌మన్ అన్న రెండూ చేసిండు. పొద్దుగాల బొట్టు పెట్టేది, పొద్దుగూకే దాక తిట్టేది.

కొత్త జాగ రోడ్డుకు ఇటుదిక్కు దొరికింది. మైన్ సర్వే వాళ్లు కాగితం ఇచ్చినంక మళ్ల ముహూర్తం పెట్టిండ్రు. మళ్ల అదే కంట్రాక్టరు, అదే షామియానా. నేను అలవాటుగ ఎనుకకు పోయి నిలబడ్డ. ఆయన సున్నం డబ్బా పట్టుకొని నా కాడికి వచ్చిండు.

"అక్కా, నువ్వు ముందుగాల అంతా ఒకసారి తిరిగి రారాదు."

"ఎందుకన్నా? మంచిగుండదంటివి గదా."

నెత్తి గోక్కున్నడు. "అప్పుడేదో అన్న తీయ్. నువ్వు తిరిగొస్తెనే పిల్లగాండ్లు గుంజ పాతుతమంటున్నరు. భయపడుతున్నరు."

పంతులు పక్కకు జరిగి తొవ్వ ఇచ్చిండు. నేను చెప్పులు ఇడిసి తిరిగిన. ఆ మూల నుంచి ఈ మూల దాక, నడుమ గూడ. నేల గట్టిగ ఉండె, పొద్దు ఎక్కి వెచ్చగ ఉండె. జల్ది తిరిగి రావాలని కూడ అనిపియ్యలే. తిరిగొచ్చి, "పోయ్యిండ్రి," అన్న.

ఆ పిల్లల ఇల్లు ఇప్పుడు నడుస్తాంది. ఇంజనీరు పిల్ల పక్కా అయింది. ఆఫీసుల ఒక రివాజు పడ్డది: తెర మీద గుంతో గుట్టో కనబడితే, తుడిచేముందు ఎవ్వలన్న పోయి ఆ కాడ నిలబడి రావాలె. "నిలబడొచ్చినవా?" అని అడుగుకునేది. సగంసార్లకంటె ఎక్కువ ఉత్తగనే పోయొచ్చేది. ఎండల పోయొచ్చి యాడిన్‌ను బండబూతులు తిట్టేది. అయినా పోయేది. మీరు గూడ పోండ్రి. పోయొస్తే కాళ్లు నొస్తయి, అంతే.

నేను దిగిపోయినంక ఆ పిల్లకు రామకృష్ణాపూర్ బదిలీ అయింది. ఆడ కూడ అదే తోక, అవే తిప్పలు. మొన్న పొద్దుగాల ఫోన్ చేసింది. గాలి చప్పుడు వస్తాంది, బయట ఉన్నట్టుంది.

"పెద్దమ్మా, స్కూలు బిల్డింగుది. ఆట జాగల పెద్ద గుంత చూపెడితే వచ్చి నిలబడ్డ."

నేను మంచంల లేచి కూసున్న. "అయితే?"

"ఏం లేదు పెద్దమ్మా. అంతా రాయి లెక్క ఉన్నది. దుంకి గూడ చూసిన. ఉత్త అబద్ధం."

నేను మళ్ల మంచంల ఒరిగిన.

"అయితే ఇగ తుడిచెయ్ బిడ్డా," అన్న.